రెండు దిక్కులా

మార్కెట్ యార్డు గేటు ఎదురుంగ నా జిరాక్స్ దుకాణం.
ఫిబ్రవరి వస్తే మిషన్ కూడా తుమ్ముతది.
ఎనుమాముల మిర్చి ఘాటు గాలిల తేలొచ్చి
గాజు మీద ఎర్రగ కూసుంటది.
గుడ్డతోని తుడిచి తుడిచి
తెల్ల కాగితాలు తీస్త.

ఇంటర్ పిల్లలంత నా కాడికే వస్తరు.
హాల్‌టికెట్, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్,
ఆధార్ రెండు దిక్కులా.
వాళ్ల బతుకంత నా గాజు మీద బోర్లా పండుకుంటది.
ఒక్క వెలుగు గీత అటునుంచి ఇటు పోతది, అంతే.

"ఇంటర్ అయినంక ఏంది?" అని అడుగుత.
నాకు సంబంధం లేని ముచ్చటే.
"ఏమో అన్నా" అంటడొకడు.
"హైదరాబాద్ల హాస్టల్ ఫీజు..." అని ఆగిపోతదొకామె.
ఆ "ఏమో"కు ఎన్ని కాపీలు తీసిన్నో
లెక్క లేదు.

అందుకే ఒక రాత్రి షట్టర్ సగం దించి
నేనే ఓ కాగితం టైపు చేసిన.
ఇంటికాన్నే ఉండి చదివే డిగ్రీలున్నయని,
బీకాం ఉన్నది, బీఏ ఉన్నది, కంప్యూటర్‌ది ఉన్నదని,
పనికి పోయొచ్చినంక గూడ చదవొచ్చని.
అచ్చుతప్పులు మూడు.
పాన్‌కార్డు రేట్ల పక్కన అతికించిన.

వారం దాకా ఎవ్వలు సూడలే.
హమాలీ ఓదెలు ఒక్కడు చదివి నవ్విండు:
"సెల్లుల సదువేంది తమ్మీ, సెల్లుల బువ్వ తింటమా?"

నాకు కోపం రాలే.
నా డిగ్రీ పోస్టుల వచ్చింది,
ఖాకీ కవర్ల, వానకు తడిసి.
ఆదివారం ఆదివారం హన్మకొండ పోతే
ఒక్కోసారి సారే రాకపోయేది.
అది డిగ్రీయేనా అన్నరు నలుగురు.
ఆ నలుగురి పిల్లలకే ఇయ్యాల ఫారాలు నింపుతున్న.

తర్వాత సంధ్య వచ్చింది. గుగులోతు సంధ్య,
నెక్కొండ దిక్కు తండా.
మిర్చి ఏరిన మంటకు
వేళ్లను సల్లనీళ్ల సీసాకు అదిమిపట్టుకున్నది.
కాగితం చదివింది. మళ్ల చదివింది.
"నర్సింగ్ ఉంటదా అన్నా?"

ఉండదు చెల్లె.
సూది ఏసుడు తెర మీద రాదు,
నొప్పి పడే మనిషి పక్కన నిలబడాలె.

ఆమె మొఖం చిన్నగయింది.
ఉన్నదని చెప్పి అమ్మేటోళ్లు వేరే ఉన్నరు,
"ఒక్కటే సీటుంది, రాత్రిలోపు కట్టు" అని ఫోన్లు చేసేటోళ్లు.
అసొంటి ఫోనొస్తే అడుగు అన్న:
యూజీసీ గుర్తింపు ఏదో చూపెట్టుమను,
పరీక్ష ఏ ఊర్లనో అడుగు,
నడుమ మానేస్తే పైసలు వాపసు వస్తయా అడుగు.
నీళ్లు నమిలితే
కట్ చెయ్యి.

"పాఠం రాత్రి పదకొండుకు వినొచ్చా?
అప్పటిదాంక ఫోను మా అన్న కాడుంటది."

వినొచ్చు. రికార్డు చేసిన పాఠం అలగదు,
ఎన్నిసార్లు ఆపినా మళ్ల మొదటికాన్నుంచి చెప్తది.
కానీ పక్క బెంచీ ఉండదు,
కొట్లాడే దోస్తు ఉండదు,
కన్ను మూతపడితే తట్టిలేపే చెయ్యి ఉండదు.
గదీ చెప్పిన.
ఏమనలే. సీసా మూత పెట్టుకొని బస్సుకు ఉరికింది.

జూన్ల వచ్చింది మళ్ల.
గాలిల ఘాటు లేదు, మొదటి వాన వాసన.
బీకాం అన్నది.
దరఖాస్తు సగం దాకా వచ్చినంక
"పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?" అన్నది.
"నువ్వు మరవంది పెట్టు. నాకు చెప్పకు."

గోడ దిక్కు తిరిగి నిలబడ్డ.
నా కాగితం ఓ మూల ఊడి ఊగుతున్నది.
వెనకంగ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట
ఒక్క వేలు చప్పుడు.

తిరిగి చూస్తే తెర మీద
ఎనిమిది నల్ల చుక్కలు.
అండ్ల ఒక్కదాని పేరు నాకు తెల్వదు.
ఆమెకు తెలుసు.

"అన్నా, ఆధార్," అన్నడు గుమ్మంల ఎవడో,
"రెండు దిక్కులా."