ఉప్పు తిత్తులు

మా అవ్వ పెపెల కథ చెప్పబోయే ముందు
పొయ్యిలో బూడిద కెలికేది.
మంట లేచాకే బెకిర్బి పేరెత్తేది,
చీకట్లో పలికితే వాడు వింటాడని.

ఆ రాత్రి మంచు పడుతోంది.
మా ఊరి రాతి గోపురాల కింద
కుక్కలు కూడా ముడుచుకు పడుకున్నాయి.
చెప్పులకు గొర్రెతోలు చుట్టుకుని
కనుమ దాటి దిగాడు వాడు.
కొట్టు తలుపు కిర్రుమనకుండా
గడియకు కొవ్వు రాశాడు.
ఐదు తిత్తుల ఉప్పు
పట్టుకుపోయాడు.

ఆ చలికాలం మా జున్ను కుళ్ళింది.
వేలాడదీసిన మాంసం పురుగు పట్టింది.
అదే తిని పడకేసింది అవ్వ వాళ్ళమ్మ.
పాలు ఇంకిపోయి
పేరింకా పెట్టని చంటిది పోయింది.
"వాడి పళ్ళు నల్లన" అనేది అవ్వ, చూసినట్టే.
"వాడికి నీడ పడదు."
మేం దుప్పట్లోంచి కాళ్ళు బయట పెట్టేవాళ్ళం కాదు.

ఇరవై రెండో ఏట నేనూ ఆ కనుమ దాటాను,
పెళ్ళికూతురిగా, అద్దె జీపులో,
కాకసస్ కొండలన్నీ కడుపులో తిరుగుతుంటే.
అత్తవారింట గోడ మేకుకు
పాత తోలు చెప్పు ఒకటి. ఒకటే.
పండగనాడు దానికి వెన్న రాస్తారు.
ఎవరిదని అడిగాను.
"మా మామగారిది. బెకిర్బి" అంది నానులి అత్త,
రొట్టె విరిచి నా చేతిలో పెడుతూ.

ఆ రాత్రి మంచు పడుతోంది.
ఆమె కూడా అక్కడే మొదలుపెట్టింది.
గొర్రెలు గోడలు నాకుతున్నాయి.
కనుమ అవతలివాళ్ళు దారి మూసేసి
గుప్పెడు ఉప్పుకు దూడనడిగారు.
అప్పుడు వెళ్ళాడాయన.
మూడు కాలివేళ్ళు మంచుకిచ్చి
తొమ్మిది తిత్తుల ఉప్పు
పట్టుకొచ్చాడు.

గోపురం కంతలోంచి ఒకడు కాల్చాడట.
ఒంటికన్నువాడు, ఉప్పు మీద పడుకున్న తోడేలు,
నవ్వుతూ కాల్చాడట.

ఆ ఒంటికన్నువాడి మోకాలెక్కి
మా అవ్వ గుర్రమాట ఆడింది.
ఆ కన్ను కొలిమి నిప్పురవ్వ తీసుకుంది.
ఆయనకు నవ్వడమే రాదని అవ్వే చెప్పేది.

నేనేమీ అనలేదు.
నోట్లో ఆ ఇంటి రొట్టె ఉంది,
అందులో ఆ ఇంటి ఉప్పు.

అప్పటినుంచి ఏ కథ విన్నా
దొంగ ఎవడు, దొర ఎవడు అని వెతకను.
మాట తోక పట్టుకుంటాను.
పోయాడా, వచ్చాడా.
చెప్పేవాళ్ళ పీట ఎటువైపు వేసి ఉందో
ఆ తోకే చెప్పేస్తుంది.

అలాగని అంతా ఒకటేలే అనడానికి నోరు రాదు.
అవ్వ కథలో ఆ చంటిది చచ్చిపోయింది.
అత్త కథలో పుట్టనే లేదు.

నిన్న బెసో అడిగాడు, ఏడేళ్ళవాడు,
చేతిలో కట్టె తుపాకీతో:
"అమ్మా, ఆటలో నేనెవర్ని?"
వాడి పాదాలు తండ్రివైపు పోలిక.
ఎడమ కన్ను కొంచెం మెల్ల, అది మావైపుది.
పక్కన పడుకోబెట్టుకుని మొదలుపెట్టాను,
ఆ రాత్రి మంచు పడుతోంది.
అవతలి గదిలోంచి అత్త:
"తొమ్మిది తిత్తులు, మర్చిపోకు."

కనుమ నెత్తిమీద
బెకిర్బిని కాసేపు ఆపాను,
ఊపిరి తీసుకోనీ అని.
పీట ఎటు వెయ్యాలో తోచలేదు.
ఈలోగా బెసో నిద్రపోయాడు.

అతనింకా అక్కడే నిలబడి ఉన్నాడు.
వీపున ఎన్ని తిత్తులో
ఆ మంచులో కనబడటం లేదు.