ఉప్పు తిన్న గొట్టం

కొల్చానీ దగ్గర, ఇంకా తెల్లారకముందే
ఉప్పు నేల మీద ఎర్ర చుక్క ఒకటి.
నా ముక్కులోంచే పడిందనుకున్నాను,
ఇంత ఎత్తున అది మామూలే.
వేలితో అద్ది వాసన చూస్తే
స్టీరింగు నూనె.

నా వోల్వోకి నలభై ఒకటి,
నాకన్నా మూడేళ్లు చిన్న.
ఆరు నెలలుగా సీసాలు సీసాలు పోస్తున్నాను,
పోసిందంతా దారి పొడవునా రాసుకుంటూ పోతోంది.
పోతొసీ మలుపుల్లో పంపు మూలుగు,
ఎవరో పిల్లి తోక తొక్కినట్టు.
చక్రం తిప్పాలంటే
రెండు భుజాలూ, పొద్దున తిన్న తిండీ, దేవుడూ
అందరం కలిసి పట్టాలి.

ఒకడు పంపు మార్చమన్నాడు. మార్చాను.
ఓరూరోలో ఇంకొకడు స్టీరింగు పెట్టె విప్పి
సీళ్లన్నీ కొత్తవి వేశాడు.
రెండు నెలల బాడుగ ఆ పెట్టె మింగింది.
మర్నాడు మళ్లీ చుక్క,
అదే చోట,
ఏమీ ఎరగనట్టు.

ఊయునీలో రైలు పట్టాల వెనక
నికనోరా తికోనా రేకుల షెడ్డు.
ఆమె వెంటనే బండి కింద దూరలేదు.
కోకా ఆకుల టీ తాగింది, నాకూ పోసింది.
"చుక్క పడ్డ చోట పుట్టదయ్యా.
నూనె దొంగలా గొట్టం వెంట పాకి
ఎవరి గుమ్మంలోనో నిలబడుతుంది.
నువ్వెళ్లి ఆ గుమ్మం వాళ్లని కొట్టొచ్చావు."

గంటన్నర కిరసనాయిలు, పాత బ్రష్షు.
నేనెన్నడూ చూడని రంగులు బయటపడ్డాయి.
తుడిచి, ఆరబెట్టి,
వంటింట్లోంచి పిండి తెచ్చి
గొట్టాల మీద జల్లెడ పట్టింది.
"స్టార్ట్ చెయ్. ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పు.
కొసన పట్టి ఉంచకు, పంపు ఏడుస్తుంది."

ఎడమ. కుడి. ఎడమ.
మూడోసారి పిండి మీద
చీమ నడిచినట్టు నల్లటి తడి.
దిగి వేలు పెట్టబోయాను.
మణికట్టు మీద ఫట్‌మని చరిచింది.
"సూదిలా చర్మంలోకి దిగుతుంది"
అంటూ తన ఎడమ చూపుడువేలు చూపించింది.
సగమే ఉంది.
అట్టముక్క అడ్డం పెడితే
అట్ట మీద వెంట్రుకంత గీత గీసుకుంది.

పంపు నుంచి పెట్టెకొచ్చే ఉక్కు గొట్టం,
ఛాసిస్‌కి కట్టిన క్లిప్పు కింద.
క్లిప్పు విప్పితే గట్టిపడ్డ ఉప్పు,
ఉప్పు కింద తుప్పు,
తుప్పులో గసగసాల గింజంత కన్ను.

పంతొమ్మిదేళ్లు నా ఉప్పు తిన్న బండి.
ఎంత లోడెత్తినా కాదనలేదు.
ఆ ఉప్పే దాన్ని తింటోందని
నాకెప్పుడూ తట్టలేదు.

వెల్డింగ్ పెట్టమన్నాను.
"ఇది బకెట్టు కాదు" అంది.
పాత గొట్టం పక్కన పెట్టుకుని
వంపుకి వంపు కొత్తది వంచింది.
రాగి వాషర్లు ఎర్రగా కాల్చి నీళ్లలో పడేసింది,
మెత్తబడితేనే గట్టిగా కూర్చుంటాయట.
క్లిప్పు కింద సైకిలు ట్యూబు ముక్క, వేలెడు గ్రీజు.
ముందు చక్రాలు జాకీ మీద,
ఇంజను ఆపి, నూనె పోసి, నెమ్మదిగా తిప్పమంది.
డబ్బాలో పాల నురుగు.
ఇరవైసార్లు తిప్పాక బుడగలు ఆగాయి.
తర్వాతే తాళం.

వేలితో తిప్పాను. ఒక్క వేలితో.

"పాత పంపు ఏం చేశావు?"
"అక్కడే వదిలేశాను."
మొదటిసారి నవ్వింది నికనోరా.
"ఈపాటికి ఇంకెవరి బండిలోనో
బ్రహ్మాండంగా తిరుగుతూ ఉంటుంది."

రాత్రి బండి కింద అట్ట పరిచి పడుకున్నాను.
పొద్దున చూస్తే అట్ట లేదు.
ఊరి కుక్క ఈడ్చుకుపోయి
గోడ వారన దాని మీదే నిద్రపోతోంది.
దాన్ని లేపి, అట్ట తిరగేసి చూశాను.
బొచ్చు తప్ప ఏమీ లేదు.