ఒతీలియా ఇల్లు దాటిన రోజు

మా చిలోయే దీవిలో ఇళ్ళు కూడా ఊరు మారతాయి.
గోడ విప్పరు, చెక్కపెంకు దించరు.
ఉన్న ఇంటిని ఉన్నట్టే దుంగల మీదికెక్కించి
కాడికి కట్టి లాగుతారు.
పిలిచిన మనిషి కూలి ఇవ్వదు, కడుపు నిండా పెడుతుంది.
రేపు నువ్వు పిలిస్తే తను వస్తుంది.
చట్టం అంతే. ఎక్కడా రాసి లేదు.

ఒతీలియా నావెల్కిన్ ఇంటి కాళ్ళను
సముద్రం కొరకడం మొదలెట్టింది.
"ఇల్లు నాది, చోటు దానిది" అంది ఆవిడ.
"పొమ్మనక ముందే పోదాం."
అవతలి ఒడ్డున చెల్లెలి దుంపచేను పక్క జాగా.

గంటకెంత అని అడిగింది ఇసాయియాస్ ఒక్కడే.
సాల్మన్ కంపెనీలో వాడికి షిఫ్టు, జీతం,
రెండు ఇంజన్ల పడవ.
"ఎవరికీ బాకీ లేను మామా, నా స్వేచ్ఛ అదే."
వాడు తప్పు మాట్లాడాడని నాకిప్పటికీ అనిపించదు.
ఒతీలియా నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.
అందరం చూశాం. తాళ్ళు ముడివేస్తున్నట్టు నటిస్తూ.

హై... అన్నాం.
నా ఎడ్లు మోకాళ్ళ మీద పడి లేచాయి.
గౌను తడవకుండా ఎత్తిపట్టుకున్న ముసలమ్మలా
ఇల్లు నీళ్ళలోకి దిగింది.

సగం దారిలో పాటు ఎదురైంది.
లంగరేసి పోటు కోసం కాచుకున్నాం.
అప్పుడు కనబడింది, చిమ్నీలోంచి పొగ.
దిగమంటే దిగినట్టే దిగి
ఒతీలియా లోపలే ఉండిపోయింది!
ఇనప పొయ్యి వెలిగించి దుంపలు ఉడకేస్తోంది.

నా పడవలో టీచరమ్మ ఎమెరెన్సియానా.
ఆదర్శ సమాజం మీద పిల్లల చేత ఏటా వ్యాసం రాయిస్తుంది.
"ఇదిగో, ఇదే" అంది మెల్లగా.
"ఏ నేలా పట్టి ఉంచని ఇల్లు,
ఆరని పొయ్యి,
చుట్టూ తాళ్ళు వదలని మనుషులు."
"లోపల చీలమండ లోతు నీళ్ళొచ్చాయి టీచర్" అన్నాను,
"ఇంకో పూట ఇక్కడే ఉంటే మీ ఆదర్శం మునుగుతుంది."
ఆమె నవ్వింది. నీళ్ళు తోడే డబ్బా అందుకుంది.

చీకటి పడ్డాక ఒడ్డు.
గోతిలో ఎర్రగా కాలిన రాళ్ళు, ఆల్చిప్పలు, పందిమాంసం,
పైన గొడుగులంత ఆకులు, ఆవిరి.
ఇసాయియాస్ పడవ దగ్గరే నిలబడ్డాడు.
కూలి తీసుకున్నవాడికి పళ్ళెం లేదని ఎవరూ అనలేదు.
రమ్మనీ అనలేదు.

వాడి మీద జాలి కలగాలి. అసూయ కలిగింది.
నాకిది పద్నాలుగో ఇల్లు.
ఈ రోజు కుదరదు అని
ఒక్కసారైనా అనగలిగానా?
కొడుకు జ్వరంతో మూలుగుతున్న రోజున కూడా
కాడి కట్టి బయల్దేరాను.
అది ప్రేమో, నలుగురి నోటికి భయమో,
తూచే రాయి మా దీవిలో లేదు.

పళ్ళెం పట్టుకెళ్ళి ఇచ్చాను.
"ఎంత?" అన్నాడు.
వేళాకోళమో, నిజమో,
చీకట్లో మొహం కనబడలేదు.
తిన్నాడు మాత్రం. వేళ్ళు నాక్కున్నాడు కూడా.

ఇప్పుడు ఒతీలియా తలుపు సరిగా పడదు.
ప్రయాణంలో గుమ్మం బొటనవేలంత ఒరిగింది.
చిత్రిక పడతానంటే వద్దంది.
గాలి విసురుగా ఉన్న రాత్రులు
సందులో కాగితం మడిచి దూరుస్తుంది.
మిగతా రాత్రులు
అలాగే వదిలేస్తుంది.