బిళ్ళ

పల్లికాయ పీకిన చెల్కల
అక్క ముక్కుపుడక పోయిందని
కల్వకుర్తి నుంచి కిరాయికి తెచ్చిన మిషను
గట్టు పక్కన కూసింది.
తవ్వితే పుడక కాదు,
రూపాయంత ఇత్తడి బిళ్ళ.
ఉమ్మితో రుద్దితే నాలుగంకెలు,
సగం పేరు: ...మురెల్లి.

పట్టాదారుకు ఎరుకలేదు.
పోస్టాఫీసుల పాత పింఛన్ల బుక్కును
చెదలు చదివేసినయి.
వంగూరు హవల్దారు సారు
భూతద్దం పెట్టి చూసి
లేచి నిలబడ్డడు.
"బర్మాకు పోయినోళ్ళ మెడలుండేది.
శవాన్ని గుర్తువట్టనీకి."

ఆ మాట విన్నంక
జేబుల వేసుకోబుద్ధి కాలే.
అరచేతుల పట్టుకొనే తిరిగిన.

మూడో ఆదివారం దొరికింది
కొమురెల్లి బిడ్డ, ఈదమ్మ.
చెప్పులిడిచి
రెండు చేతులతో ఇచ్చిన.
ఏడుస్తదనుకున్న.
పళ్ళులేని నోటితో నవ్వింది.

"నాయిన వాపసొచ్చి దీన్ని
ఒంటికొమ్ము పొట్టేలుకు గట్టిండు.
సచ్చినోన్ని గుర్తువట్టే బిళ్ళ
బతికొచ్చినోని మెడలెందుకు, అనేటోడు.
పొట్టేలును తోడేలెత్కపోతే
నాలుగొద్దులు బువ్వ ముట్టలే."

కొంగుతో తుడిచి, ముడేసుకొని,
నన్ను గడపదాకా పోనిచ్చి పిలిచింది:
"గంట గూడ ఉండె కొడుకా,
మల్లొకపారి ఆ మిషను
పెట్టి సూడరాదు?"