రాణిరంగు ఈగ

రోహిణి కార్తె ఆఖరి రోజు.
కడెం గేట్ల కింద, బండల నడుమ,
నీళ్లు మాత్రం చల్లగున్నయి.
డ్యామ్ అడుగున పండుకున్న నీళ్లు గవి,
నెలల తరబడి ఎండ మొఖం చూడక
తూము సందు నుంచి జారి
కొత్త కోడలు లెక్క బయటికొచ్చే నీళ్లు.
మోకాళ్ల దాక దిగితే
పైన నడినెత్తి మాడుతది
కింద పాదాలు తిమ్మిరెక్కుతయి.
ఒక్క ఒంట్ల రెండు కాలాలుంటయని
నాకు ఈడనే తెలిసింది.

రేపు మిరుగం. ఇంట్ల చేప ఉడకాలె.

నాలుగింటికి లేసి
కుట్టు మిషన్ పక్కన కూసొని కట్టిన ఈగ ఇది.
చేతిసూదిని దీపం మీద కాల్చి వంచిన.
ముల్లు పెట్టలేదు, పెట్టుడు నాకు రాదు.
పక్కింటి పుంజు మెడకాడి ఈకలు మూడు.
పుంజుకు తెలుసు, పక్కింటోళ్లకు తెల్వదు.
మీద చుట్టింది రాణిరంగు దారం,
అంగన్‌వాడి లస్మక్క రవికకు తెచ్చిన రీలు.
ఒక్క మూర పోతే ఏమైతది అనుకున్న.
మూడు మూరలు పోయింది.

లష్కర్ ఓదెలు నేర్పిండు ఈ పని.
ముప్పై ఏండ్లు గేట్లు ఎత్తి దించిన చేతులు
పింఛనొచ్చినంక వెదురు కట్టె పట్టినయి.
"వానపాము గుచ్చితే ఎవలైన పడ్తరు బిడ్డా,
ఈకతోటి పట్టు.
అబద్ధాన్ని నీళ్ల మీద నడిపియ్యాలె,
దానికి కాళ్లున్నట్టు."
ఆడిదానివి నీకెందుకని ఆయన అనలేదు.
అనెటోళ్లు కట్ట మీద మస్తుమంది ఉన్నరు.

మొదటి ఏటు బండకు తాకింది.
రెండోది తుంగల చిక్కింది.
తర్వాత లెక్క మర్సిన.
ఈగ వాలుతది, రెండు జానలు ఉరుకుతది,
ఆగుతది, మల్ల లేస్తది,
బట్ట మీద కుట్టు ఉరికినట్టే.
బట్టైతే కాలి కింద ఆగు అంటె ఆగుతది.

మడుగు అంచున నీళ్లు పగిలినయి.
కొర్రమట్ట.
నల్లటి వీపు, నా మోచేతంత లావు.
కట్టె వంగి కడుపుల గుచ్చుకున్నది.
ఓదెలు మాట అప్పుడు యాదికొచ్చింది:
"ఈ దినాలల్ల అది ఆకలికి కొరకదు,
కోపానికి కొరుకుతది."
కోపం ఎందుకో చెప్పలేదు. బీడీ ముట్టించుకున్నడు.

అది లేసిన జాగల చూసిన.
నీళ్ల కింద ఎర్రటి మబ్బు,
పిడికెడంత, కదులుతున్నది.
పిల్లలు.
అగ్గిపుల్ల తలకాయలంత పిల్లలు, వందలు,
ఒకదాని మీద ఒకటి,
ఉన్నకాడనే గిర్రగిర్ర తిరుగుతున్నయి.
నా ఈగ రంగే. కొంచెం పలచన.

కట్టె దించిన.
దారం వదులైంది.
ముల్లు లేని సూది దాని దవడ నుంచి
తలుపు గొళ్లెం తీసినంత అలకగ జారింది.

గప్పుడే సైరన్ మోగింది.
కింద ఊర్లల్ల బోర్లు ఎండినయని
నీళ్లు ఇడుస్తున్నరట.
చెప్పులు చేతుల పట్టుకొని కట్ట ఎక్కిన.
మడుగు పక్కకే ఉన్నది,
నీళ్లు ఆడిదాక పోతయో, పోవో.

"సైరన్ మోగె గాని, లేకుంటే
మూడు కిలోలది" అని చెప్పిన
కట్ట మీదోళ్లకు, మా ఆయనకు, ఓదెలుకు సుత.
ఓదెలు నా మొఖం దిక్కు చూడలేదు,
ఈగ దిక్కు చూసిండు.
"పండ్లు మంచిగనే దిగినయి" అన్నడు.

ఇంటికొస్తే
లస్మక్క రవికకు ఒక్క హుక్కు మిగిలింది.
రీలుల దారం లేదు.
తెల్లారితే వస్తది ఆమె.
ఈగను దీపం కాడ పెట్టి
చుట్టు చుట్టు ఇప్పిన.
తడి ఇంక ఆరలేదు,
పండ్లు పడ్డకాడ పీచు లేసింది.
ఆఖరి హుక్కు దానితోటే కుట్టిన.

తొడుక్కుంటే గుండెకాడ
సన్నగ చేప వాసన కొడ్తదేమో.
అడిగితే,
మిరుగం కదా అక్కా, అంట.