అట్టకు ముందు తెల్ల కాయితం

బుడమేరు తగ్గిన తొమ్మిదో రోజు నుంచి
వన్‌టౌన్‌లో నా బైండింగ్ కొట్టు ముందు
తడిసిన గ్రంథాల బారు.
సింగ్‌నగర్ నుంచి, పాయకాపురం నుంచి
గోనెసంచుల్లో, ప్లాస్టిక్ బకెట్లలో,
ఒకావిడైతే స్నానం చేయించిన బిడ్డలా తువ్వాల్లో చుట్టి.
అన్నిటినీ దండేనికి వేశాను.
కాయితం వాసన, దానిమీద బురద వాసన,
దానిమీద పడవల డీజిలు వాసన.

ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను
మా నాన్న దస్తగిరి వదిలిపోయిన సూదితో.
నాకు తెలిసింది ఇంతే:
లోకం పుట్టిన పేజీలు తెల్లగా ఉంటాయి.
పోయే పేజీలే నలిగి, జిడ్డుపట్టి,
వేలు తడిచేసుకున్న మచ్చలతో ఉంటాయి.

కంసాలి విశ్వరూపాచారిని అడిగాను,
"అమ్మవారి ముక్కుపుడకని నీళ్లు తాకుతాయన్నారుగా, తాకినట్టేనా?"
"మా ఇంటి మీటరు పెట్టెని తాకాయి" అన్నాడు.
కాసేపు కొండవైపు చూశాడు.
"అది కృష్ణమ్మ రావాలి. ఇది బుడమేరు.
వాగులు లెక్కలోకి రావు."
ఆ గొంతులో ఉన్నది నిరాశో ఊరటో
వాళ్ల త్రాసుకే తెలియాలి.

ఖలీల్ సాబ్ అయితే,
"ఆ గడియ ఎప్పుడో చెప్పేవాణ్ణి నమ్మకు బేటీ,
అది ఆయనకొక్కడికే తెలుసు" అంటాడు.
అంటూనే ఆనవాళ్లు వేళ్లమీద లెక్కపెడతాడు.
ఈసారి చిటికెన వేలి దాకా వచ్చాడు.

ఇక పాస్టర్ జెకర్యా, ఆయన తమ్ముడు ఏసుపాదం.
నాన్న ఒకడే, నాన్న ఇచ్చిన గ్రంథం ఒకటే,
చర్చిలు రెండు, మధ్యలో రేకుల గోడ.
శ్రమలకు ముందే ఎత్తబడతామని అన్న.
శ్రమలన్నీ పడ్డాకేనని తమ్ముడు.
ఒకే వచనం పక్కన
అన్న ఎర్ర పెన్సిలు, తమ్ముడి నీలం సిరా,
కొన్నిచోట్ల కాయితం చిరిగేదాకా.
నీళ్లకి సిరా పోయింది, పెన్సిలు నిలిచింది.
దాన్నీ సాక్ష్యంగా చెప్పుకున్నాడు అన్న.

మూడు రోజులు ఒకే డాబా మీద ఉన్నారట.
హెలికాప్టరు వచ్చి పాల ప్యాకెట్లు పడేసింది,
ఎవర్నీ ఎత్తుకుపోలేదు.
"చూశావా" అన్నాడట తమ్ముడు.
"ఇవి ఆ శ్రమలు కావు" అన్నాడట అన్న.
ప్యాకెట్టు మాత్రం పళ్లతో చింపి సగం సగం తాగారు.

"పదేళ్లు కూడా లేవమ్మా ఈ లోకానికి"
అని నిట్టూర్చి, ఆ ఊపిరితోనే
"నూరేళ్లు నిలిచేట్టు కుట్టు" అన్నాడు జెకర్యా.
తోలు అట్ట కావాలన్నాడు, బంగారు అక్షరాలు కావాలన్నాడు.
అడ్వాన్సు ఇవ్వలేదు.

దీపాలు పెట్టే వేళకి వాళ్లమ్మ కరుణమ్మ
ఒక్కతే ఆటో దిగింది.
"వెనకాల ఒక తెల్ల కాయితం ఉండాలి, చూడు తల్లీ."
ఉంది. అట్టకి అతుక్కుపోయి ఉంది.
టీ గిన్నె ఆవిరి మీద పట్టి
కొబ్బరి ఈనెతో అంచు నుంచి లేపాను.
పెళ్లి తేదీ. జెకర్యా. ఏసుపాదం.
రెండు బస్తాల వడ్ల అప్పు, తీరినట్టు అడ్డగీత.
వాళ్లిద్దరి మధ్య ఇంకో పేరు: సుకుమారి.
ఒక తేదీ. దాని పక్కన, తొమ్మిది రోజులు.
పెన్సిలుతో రాశాడు కాబట్టి ఉంది.

చదవడం రాని వేలు
సూటిగా వెళ్లి ఆ పేరు మీద ఆగింది.

"ముందో తర్వాతో వాళ్లని తేల్చుకోనీ.
ఆ రోజు అంతమంది లేస్తారంట కదా,
తొమ్మిది రోజుల పిల్లని నేనెట్టా పోల్చుకునేది?
తేదీ ఉంటే ఎవరినైనా అడగొచ్చు."

మైదా జిగురులో మైలుతుత్తం కలిపాను, పురుగు పట్టకుండా.
ఆ కాయితానికి ముందొకటి, వెనకొకటి
కొత్త తెల్ల కాయితాలు వేశాను.
వాటికి లెక్క రాయలేదు.

"ఎప్పుడిస్తావు?" అంది.
ఆరాలి కదమ్మా అన్నాను,
కాస్త ఎండ రానీ.