ఒక బకెట్టు మురికి

ముప్పై ఎనిమిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో
కత్తెరలు మరగబెట్టిన చేతులు నావి.
కంటికి కనబడని వాళ్ళతోనే నా వైరం.
తలుపు గొళ్ళెం మొదలు సర్జన్ గోళ్ళ దాకా
ఎవర్నీ నమ్మేదాన్ని కాదు.
నా వెనకాల ‘బ్లీచు విన్నీ’ అనేవారట.
అననీ. నాకది బిరుదే.

హెడ్లీ పోయాక అతని కొలను నాకు మిగిలింది.
కొలనంటే ఎంతని, ఓ కారు పట్టేంత గుంట.
అడుగున నల్ల రబ్బరు, ఒక పంపు, నాలుగు కోయి చేపలు,
మూలన నీలం డ్రమ్ములో వడపోత స్పాంజీలు.
‘వాటి జోలికెళ్ళకు’ అన్నాడు, చివరి రోజుల్లో, మంచం మీంచి.
నేను మందు సీసాల గురించనుకున్నాను.

ఏప్రిల్లో ఓ శనివారం
హడర్స్‌ఫీల్డ్ మీద ఎండ కాస్త కన్ను తెరిస్తే
డ్రమ్ము మూత తీశాను.
లోపల గోధుమరంగు జిగురు,
చెంచాతో తీస్తే చెంచాకే అతుక్కునేంత.
చూస్తూ ఊరుకునే మనిషినా?
కుళాయి కింద పెట్టి పిండాను, బాదాను, మళ్ళీ పిండాను,
కొన్ననాటి పసుపు తేలేదాకా.
ఆ రాత్రి ఒళ్ళెరగని నిద్ర.

వారం తిరక్కముందే
చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.
నీళ్ళు చూస్తే అద్దం.
అదే అంతుపట్టలేదు నాకు:
ఇంత తేటలో ఊపిరాడకపోవడమేమిటి?

పక్కింటి ఎల్రాయ్ ప్రాస్పర్ కంచె మీంచి చూశాడు.
కారియాకూ దీవిలో పుట్టి, ఇక్కడ బస్సులు నడిపి నెరిసినవాడు.
పద్దెనిమిదేళ్ళుగా మా మధ్య నడిచిన మాటలన్నీ
పొదల ఎత్తు గురించే.
గాజు గొట్టంలో నా నీళ్ళు పట్టి చుక్కలు వేశాడు.
ముదురాకు పచ్చ.
‘అమ్మోనియా, మిసెస్ ఓల్డ్‌రాయిడ్.
చేపలు తినేదీ అక్కడే, వెళ్ళేదీ అక్కడే కదా.
ఆ విషాన్ని తినే జట్టొకటి స్పాంజీలో కాపురముంటుంది.
అది వదిలింది ఇంకో విషం. దాన్ని తినడానికి ఇంకో జట్టు.
మిగిలిందేదో కలువ తింటుంది.
మీరు రెండు జట్లనీ
కుళాయి క్లోరిన్‌తో కడిగేశారు.’

నేను నోరెత్తలేదు.
ఇన్నేళ్ళూ ఎవరి ప్రాణాలు కాచానో లెక్క రాసుకోలేదు గానీ
శుభ్రం చేసి చంపడం ఇదే మొదలు.

సాయంత్రం బకెట్టుతో వచ్చాడు.
తన వడపోతలోంచి సగం కోసిన స్పాంజీ,
జిగురు కారుతూ, నా దగ్గర ఉండిందే, అచ్చం అదే.
‘చిన్నప్పుడు అల్లం నీళ్ళు పులియడానికి
మా అమ్మ పక్కింటికి గ్లాసిచ్చి పంపేది.
ఇదీ అలాంటి తోడే. వేసి ఊరుకోండి.
నా సగం మళ్ళీ పెరుగుతుందిలే.’

చేతొడుగుల కోసం లోపలికి వెళ్ళబోయి ఆగాను.
ఉత్త చేతుల్తోనే అందుకున్నాను.
కుళ్ళు వాసన వస్తుందనుకున్నా,
తొలకరి తడిసిన మట్టి వాసన.

మూడో రోజు పెద్ద చేప పోయింది.
హెడ్లీ దాన్ని ‘మేయరమ్మ’ అనేవాడు.
మొప్పలు టీ డికాక్షన్ రంగు తిరిగాయి.
రూబార్బ్ మొక్క పక్కన గొయ్యి తీశాం, ఎల్రాయ్, నేను.
ఆ తర్వాత వారాల తరబడి ఉత్త కాపలా:
చిటికెడు మేత, ఒక రోజు మేత లేదు,
తొట్టిలో క్లోరిన్ విరిచిన నీళ్ళు కొంచెం కొంచెం.
కనబడని రోగుల వార్డు, నాడి చూసే వీల్లేదు.
ఆరో వారం చుక్కలు వేస్తే
గొట్టంలో పచ్చ ఒక్కటీ లేదు. నిమ్మపండు పసుపు.
కంచె దగ్గరికి పరుగెత్తాను, ఈ వయసులో.

మారిపోయానని అనను.
గొళ్ళాలు ఇప్పటికీ రోజూ తుడుస్తాను.
స్పాంజీని మాత్రం కొలను నీళ్ళలోనే
ఒక్కసారి, మొహమాటంగా, ముంచి తీస్తాను.
పొద్దున్నే నీలం డ్రమ్ము మూత వేలెడు ఎత్తి చూస్తాను.
ఎవరూ కనబడరు.
అయినా ‘గుడ్ మార్నింగ్’ అంటాను,
రాత్రి డ్యూటీ దిగుతున్న వాళ్ళతో అన్నట్టే.